చెంచాడు ద్రాక్షరసం

అమ్మకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. అప్పటి నుంచి, దబీర్‌పురాలోని మా చిన్న చర్చిలో ప్రభు రాత్రి భోజనానికి ఆమె కాచే ద్రాక్షరసాన్ని రుచి చూసేది నేనే. ఈస్టరుకు ముందొచ్చే పరిశుద్ధ గురువారానికి వారం ముందు మాదన్నపేట మండీ నుంచి నల్ల ద్రాక్ష తెచ్చి, చిదిమి, చక్కెర, లవంగాలు వేసి ఉడికిస్తుంది. ఉడికిస్తే పులియదు. పులిస్తే మత్తెక్కుతుంది. పాస్టరు గారికి అది పనికిరాదు. నాకు అసలే పనికిరాదు.

నేను బస్సు డ్రైవర్ని. పోయినేడాది డ్యూటీకి ముందు ఊదే మిషన్ దగ్గర రెండుసార్లు దొరికాను. మూడోసారి దొరికితే ఉద్యోగం పోతుందని సంతకం పెట్టించుకున్నారు. పదకొండు నెలలుగా తాగలేదు. డిపో గేటు దగ్గర మిషన్ పట్టుకుని నిలబడే గోవర్ధన్‌ది రోజూ ఒకటే వేళాకోళం.

"ఊదు వెస్లీ భాయ్, దమ్ము బెట్టి ఊదు! నువ్వూదితే సున్నా తప్ప ఏం రాదాయె. మిషన్‌కు గూడ బోర్ కొడ్తున్నది."

నవ్వేవాణ్ని. ఆ సున్నా చూసినప్పుడల్లా సంతోషం కంటే, ఎవరో నన్ను ఖాళీ చేసి తూచినట్టు అనిపించేది.

ఈసారి ద్రాక్ష చిదిమిన రోజే గ్యాస్ అయిపోయింది.

"సిలిండర్ ఎల్లుండి వస్తదంట. అందాక జాడీల ఉండనీ," అని అమ్మ జాడీ మూతికి గుడ్డ కట్టి కిటికీ కింద పెట్టింది. ఎండలు మండిపోతున్నాయి. మూడో రోజు సాయంత్రం సిలిండర్ వచ్చింది. అమ్మ గుడ్డ విప్పి, చెంచాతో తీసి నాకు అందించింది.

"ఎట్లున్నది బిడ్డా? తీపి సరిపోయిందా? ఇగ ఉడకబెట్టాల్నా?"

నాలుక మీద సన్నగా చురుక్కుమంది. తీపి వెనకాల ఇంకొకటి, నాకు బాగా తెలిసినది, తలుపు చాటున నిలబడినట్టు ఉంది. పులిసిందమ్మా, పారబొయ్యి. రెండే మాటలు. నోట్లో తయారుగా ఉన్నాయి. రసంతో పాటు వాటినీ మింగాను.

"తీపి సాలలే. ఇంకింత చక్కెరేసి రెండ్రోజులు ఉంచు. అప్పుడే ఉడకబెట్టకు."

ఎంత మామూలుగా అన్నానంటే నాకే నిజమనిపించింది. ఇది మందు కాదు, మా అమ్మ చేసిన పళ్లరసం. చర్చికి పోయేది. అదీ చెంచాడే. నా లోపలి వకీలు ఇన్నాళ్లూ ఈ కేసు కోసమే కాచుకున్నట్టు చకచకా వాదించాడు.

అమ్మ చక్కెర వేసింది. మర్నాడు మళ్లీ చెంచా.

"ఎట్లున్నది?"

"సాలలే."

ఆ మర్నాడూ అంతే. అడిగేటప్పుడు ఆమె జాడీ వైపు కాక నా కళ్లలోకి చూసేది. గమనించాను. గమనించడం నాకెప్పుడూ చేతనవును. ఆ తర్వాత చేయాల్సిందే చేతకాదు. ఆమె ప్రార్థన కూటానికి వెళ్లిన సాయంత్రం చెంచా వెతుక్కోలేదు, గరిటెతో తాగాను. పొద్దున మిషన్‌లో సున్నాయే వచ్చింది. గోవర్ధన్ నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ సున్నా నాకు ధైర్యమిచ్చింది. అంతకంటే భయపడాల్సింది లేదు.

గురువారం పొద్దున వంటింట్లోకి వెళ్లేసరికి చర్చికి పంపే సీసా నిండి ఉంది. పక్కనే దుకాణంలో కొన్న ద్రాక్షరసం డబ్బా, ఖాళీది. జాడీలో రసం నాలుగు వేళ్లు దిగి ఉంది.

"మనది వద్దామ్మా?" అన్నాను.

"మనది మూడోనాడే పులిసింది. నాలుకకే పథ్యం బిడ్డా, ముక్కుకు గాదు." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ని. "నువ్వే చెప్తవని రోజూ అడిగిన."

"అమ్మా, ఇయ్యాల్టితోని..."

"ఊకో. పోయినేడు గూడ గదే మాట."

సీసా సంచిలో పెట్టుకుని చర్చి ఊడవడానికి బయలుదేరింది. గడప దగ్గర ఆగి వెనక్కి వచ్చింది. జాడీ పక్కనున్న చెంచా కడిగి గూట్లో పెట్టింది. దాని చోట స్టీలు గ్లాసు పెట్టింది.

"బయట తాగి పడకు. ఇంట్లనే తాగు," అంది.

ఎట్లున్నదని మాత్రం అడగలేదు. డ్యూటీకి ఇంకా గంట ఉంది. గేటు దగ్గర గోవర్ధన్ మిషన్ తుడుచుకుంటూ ఉంటాడు. గ్లాసు జాడీలో ముంచాను.