పీతలెక్కిన విమానం

నరసింగరావు పేపరు మడిచి, వేలు పెట్టి చూపిస్తూ పెద్దగా చదివాడు. కరోనాతో ఆగిన విమానాలు మునుపటిలా తిరగాలంటే రెండు వేల ఇరవై మూడు దాకా పట్టవచ్చట. ఇరవై నాలుగు కూడా కావచ్చట. నిపుణులు తేల్చారట.

"ఇన్నావా తులసీ? అన్నాళ్లు మనిషిని ఐసుపెట్టెలో ఉంచుతారేటి? సంతకం పెట్టీ. కంపెనీవోళ్లు అక్కడే మర్యాదగా మట్టి సేసేస్తారు."

తులసి మొగుడు అసిరయ్య గల్ఫులో ఓడలు బాగుచేసే యార్డులో పరంజా విరిగిపడి చనిపోయి అప్పటికి ఆరు రోజులు. పంపినవాడు ఈ నరసింగరావే. కళింగపట్నం పక్కన మా పేటలో దొరికే పీతలు కొనేదీ ఆయనే, మా పేట కుర్రాళ్లను విమానమెక్కించేదీ ఆయనే. రెండు వ్యాపారాలూ ఒకే రేకుల షెడ్డులో.

"మా మావ మొకం సూడకుండా మట్టెలా సెయ్యమంతావు బాబూ?"

"ఇమానాలే లేవే తల్లీ! ఉంటే నాను తెప్పించనా?"

కాగితం చదివి పెట్టమని తులసి నన్ను వెంట తీసుకెళ్లింది. శవాన్ని అక్కడే పూడ్చడానికి ఇంటివారికి అభ్యంతరం లేదని అందులో రాసి ఉంది. అదే చెప్పాను. ఆమె కలం ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

మా పేటలో ఒక కట్టు ఉంది. ఎవరు పోయినా, మట్టి అయ్యేదాకా ఒక్క పడవా సముద్రంలో దిగదు. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకున్నవాణ్ని, వాళ్ల కులం కాదు. అయినా మా ఆవిడ పోయిన రోజు పడవలన్నీ ఇసుకలోనే ఉండిపోయాయి. చేపలు బాగా పడుతున్న రోజులవి. ఎవరూ నాతో అనలేదు. చాన్నాళ్లకు తెలిసింది.

ఆ సాయంత్రం జనం ఇసుకలో కూర్చున్నారు. లాక్‌డౌను, ఆపైన వేట నిషేధం. పడవలు దిగి పది రోజులైనా కాలేదు.

"శవం ఊల్లో ఉంటే కట్టు," అన్నాడు కొండబాబు. భార్యకు నెలలు నిండుతున్నాయి అతనికి. "ఊల్లో నేదు కదా. పడవలెందుకాపాల? పిల్లలకి ఇసక ఎడతామేటి?"

"కబురొచ్చింది ఊల్లోకే కదరా," అంది తులసి. "నానేడిసింది ఈ ఊల్లోనే కదా. దూరంలో సచ్చిపోతే సావు కాదేటి?"

అసిరయ్య చెల్లెలు సుహాసిని లేచింది. నరసింగరావు షెడ్డులో బతికున్న పీతల డెక్కలకు తాళ్లు కట్టి పెట్టెల్లో సర్దడం ఆమె పని.

"కట్టిన పీత మూడో రోజుకి సస్తాది. సచ్చిన పీతని ఎవుడూ కొనడు. మొన్న నాను కట్టిన పెట్టెలు నిన్న సింగపూర్ల దిగిపోనాయి. దిగే ఊరు పేరున్న కాయితం నా సేత్తోనే అంటించినాను. ఇమానాలు నేకపోతే అవేటి, ఈదుకుంటూ ఎలిపోనాయా?"

కొందరు నవ్వారు. నవ్వు వెంటనే ఆగిపోయింది.

పేట పెద్ద గంగులు లేచాడు. "అసిరిగాడు వచ్చేదాకా పడవ దిగదు. నరసింగరావు షెడ్డుకి ఒక్క పీత ఎల్లదు."

మర్నాడు పేటంతా షెడ్డు ముందు నిలబడింది. నరసింగరావు గుమ్మంలోకి వచ్చాడు.

"అది సరుకు ఇమానం. మనుసులెక్కేది కాదు."

"మా అన్నని సరుకులోనే ఎయ్యి బాబూ!" అని అరిచింది సుహాసిని. "మాకేటి నామోషీ నేదు!"

"కంపెనీ ఒప్పుకోవాలి కదా."

"తీసుకెల్లమని నువ్వే ఒప్పించినావు కదా. తెమ్మని ఒప్పించనేవేటి?"

ఆయన తలుపు వేసుకున్నాడు.

విమానాలు ఎప్పుడు కోలుకుంటాయని ఆ రోజుల్లో పత్రికలన్నీ రాశాయి. చదువుకునే పిల్లలు ఎవరైనా నన్నడిగితే ఆ షెడ్డు చూపించేవాణ్ని. పడవలు దిగిన నాటి నుంచి అక్కడి పీతలకు విమానం ఒక్క రోజు కూడా తప్పలేదు.

పడవలు ఆగాయి. పక్క ఊరి రైతు ఒకాయన బస్తా చోళ్లు దించి, పేరు చెప్పకుండా బండి తోలుకుపోయాడు. దాంతో మూడు రోజులు అంబలి తాగారు. నరసింగరావు వ్యాను వేరే పేటలకు వెళ్లి పీతలు తెచ్చుకుంటూనే ఉంది. అక్కడా ఆకలే కదా. ఎవరిని తప్పుపడతాం?

ఇక మేం చేసిన తప్పు చెప్పాలి. ఐసుకైనా, డీజిలుకైనా, నిషేధకాలపు భృతికైనా గంగులు వేలిముద్ర వేస్తే పేటంతా వేసినట్టే. తాతల నాటి అలవాటు. పడవలు ఆగిన ఎనిమిదో రోజు నరసింగరావు మనిషి వచ్చి, ఇది శవాన్ని రప్పించే అర్జీ అన్నాడు. గంగులు వేలు ఒత్తాడు. అది తులసి ముట్టుకోకుండా వచ్చేసిన కాగితమే. ఒత్తేముందు చదివించుకోవడానికి మా ఇంటి దాకా వచ్చాడట. జ్వరంతో పడుకున్నానని, లేపడానికి మనసొప్పక తిరిగి వెళ్లాడు.

పదో రోజు ఫోనులోకి ఫోటో వచ్చింది. మట్టికుప్ప, దాని మీద నంబరు వేసిన రేకు. తులసి వేళ్లతో ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"తలెటున్నాదో తెల్డం నేదు," అంది.

ఇసుకలో మళ్లీ అందరూ కూడారు. గంగులు తన బొటనవేలు ఎత్తి చూపించాడు.

"ఈ ఏలే. నానే పాతీసినాను ఆడ్ని."

ఎవరూ తిట్టలేదు. తులసి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. "నువ్వొక్కడివి ఏలేస్తే సాలనుకున్నాం తాతా. అందరం అలగే అనుకున్నాం."

"మట్టయిపోయింది కదా," అన్నాడు కొండబాబు మెల్లగా. "కట్టు తీరిపోనట్టే. రేపు దించుకుందాం."

"మట్టి సేసిందెవులు? మేం కాదు," అంది తులసి.

తెల్లారి ఆడవాళ్లు నలభైమంది షెడ్డు ముందు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. పీతల వ్యాను ఆగింది. గంటలో పోలీసులొచ్చారు.

"మీ పెద్దెవరు? పిలవండి," అన్నాడు ఎస్సై.

అలవాటుగా అందరూ గంగులు వైపు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "పెద్ద లేడు బాబూ. ఇంక ఎవుల పేరు ఆల్లే సెప్తారు."

ఎస్సై విసుక్కుంటూ కాగితం తీశాడు. సుహాసిని తన పేరు చెప్పి పోలీసు వ్యానెక్కింది. తర్వాత తులసి.

"భర్త పేరు?"

"అసిరయ్య."

"లేటేనా?"

"మేం మట్టి సెయ్యలేదు బాబూ. ఉన్నాడనే రాయి."

ఎస్సై ఆమె చెప్పినట్టే రాశాడు. ఆ మాత్రం దయ చూపించాడు. కేసు మాత్రం పెట్టాడు.

అందరూ పేర్లు చెబుతుండగానే పీతల వ్యాను వెనక్కి తిరిగి చెరుకు తోటల వైపు దారిలో వెళ్లిపోయింది. విమానం వేళకు అందుకునే ఉంటుంది. షెడ్డులో మర్నాటి పెట్టెలు తయారుగా ఉన్నాయి. అసిరయ్య ఇక రాడు.

వరసలో చివర కొండబాబు నిలబడి ఉన్నాడు.

"నువ్వు రోడ్డు మీద కూర్చోలేదు కదరా, పో," అన్నాడు ఎస్సై.

"ఇప్పుడు కూకుంతాను," అని కొండబాబు రోడ్డు మధ్యలోకి వెళ్లి కూర్చున్నాడు.