సున్నివా ఆఖరి రంగం

క్రిస్మస్ రాత్రి సున్నివా వచ్చి పెర్నిల్లే మంచం మీద పడుకుని పోయిందట. ఈ మాట పెర్నిల్లే నేరుగా చెప్పలేదు. తనకు చెప్పిందని ముసలి ఓలుఫినే చెప్పింది, చేపలు చీల్చే పాకలో, కత్తి ఆపకుండా. ఆ రాత్రి చచ్చినవాళ్లు ఇళ్లకొస్తారని మంచాలు వాళ్లకు వదిలేసి, బతికున్నవాళ్లు నేలమీద గడ్డి పరుచుకుని పడుకుంటారు కదా. తెల్లారి చూస్తే దిండు మీద చేప పొలుసులున్నాయట. చివరి ఊపిరిదాకా చేపలు చీల్చిన మనిషి, ఇంకెవరివవుతాయి?

"పెర్నిల్లే మొగుడు తల కడుక్కుని ఎన్నాళ్లయిందో అడిగావా పిన్నీ?" అంది మారెన్.

పాకంతా నవ్వింది. మారెన్ నవ్వలేదు. చలి ముదిరే రోజుల్లో సున్నివా పోతే, ఆమె కళ్లు మూసింది మారెనే.

సున్నివా ఓర్‌నెస్‌ను కనే నొప్పులొచ్చేదాకా ఆమె తల్లి ఆ పాకలో కత్తి దించలేదు. పిల్ల పాస్టరుగారింట్లో అంట్లు తోముతూ చదువు పట్టింది. రేవులో ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలనే నాటకంగా అల్లి రాజధానికి పట్టుకుపోయింది. అంతకుముందు ఆ రంగస్థలం మీద ఉత్తరపు రేవుల మనుషులు కనిపిస్తే నవ్వించడానికే కనిపించేవాళ్లు. సున్నివా వాళ్లచేత అడిగించింది: తుఫానులో జెండా ఎత్తిందెవరని.

ఆ రేవులో పద్ధతి అది. రేవుదొర క్రూగ్ ఇంటిముందు గుట్టమీద జెండా ఎగిరేదాకా ఏ పడవా కదలకూడదు. ఎగిరాక ఏ పడవా ఆగకూడదు. ఆగినవాడికి మర్నాటినుంచి రేవూ లేదు, గుడిసే లేదు. రెండూ దొరవే. మిల్లులో పనికి పిలిచే కూత, ఇక్కడ జెండా. పేరే తేడా.

కిందటి చలికాలం వాయవ్యపు గాలి రాళ్లను దొర్లిస్తుంటే జెండా ఎగిరింది. చేప కొనే ఓడ వచ్చి ఉంది, దొర గోదాము నిండలేదు. మారెన్ గట్టుమీద నిలబడి చూసింది. మొగుడి పడవ రాతిమొన దాటడం చూసింది. దాటాక అది బోర్లాపడి తేలడమూ చూసింది. ఒక్క శవమూ దొరకలేదు.

దొరకని మనిషి పేరు ఆ దీవిలో ఎవరూ పైకనరు. పేరు పలికితే నీళ్లు కారే బట్టలతో లేచివచ్చి గుమ్మంలో నిలబడతాడని భయం. మారెన్ కూడా అనలేదు. రాత్రుళ్లు తలుపు దగ్గర నీటిచుక్కల చప్పుడు వినిపిస్తే దుప్పటి మొహంమీదికి లాక్కునేది. దొరకు ఇంతకన్నా ఏం కావాలి? పేర్లే లేని చావులకు జవాబు చెప్పమని ఎవరడుగుతారు?

సున్నివా నాటకం చివర ఆడవాళ్లు జెండాకొయ్య చుట్టూ నిలబడి మునిగినవాళ్ల పేర్లు పిలుస్తారు. రాజధాని నాటకశాలవాళ్లకు అది మింగుడుపడలేదు. ఆడవాళ్లచేత మోకాళ్లు వేయించి ప్రార్థన చేయించారు. జనం ఏడ్చారు, పూలు విసిరారు, అచ్చులోనూ ఆ ముగింపే పడింది. సున్నివా ఆ పూలు తొక్కుకుంటూ బయటికొచ్చి, ఉత్తరానికి పోయే ఓడెక్కి, తల్లిలాగే పాకలో కత్తి పట్టుకుంది. అసలు ముగింపును చీల్చే బల్ల దగ్గర ఆడవాళ్లకు నోటికి నేర్పింది. "పేర్ల చోటు ఖాళీగా ఉంచానే. మీ వాళ్లను పెట్టుకోండి," అనేది దగ్గుతూ. ఎవరూ పెట్టలేదు.

బతికుండగా పలకరించనివాళ్లకు పోయాక ఆమె దేశం బిడ్డ అయిపోయింది. పొలుసుల మాట విన్న ఆ పగలే క్రూగ్ దొర పాకలోకొచ్చాడు. వెంట బొచ్చుకోటు వేసుకున్న నాటకశాల పెద్ద, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

"మన సున్నివా పేరు మీద ఆదివారం నా గోదాములో నాటకం," అన్నాడు దొర. "చివరి రంగానికి గుంపు కావాలి. మీరే గుంపు. మోకాళ్లు వేసి తల వంచడమే పని. అందరికీ కాఫీ, గోధుమరొట్టె."

వాళ్లు వెళ్లాక కత్తులాగాయి.

"సున్నివా నేర్పిందే చెబుదాం," అంది మారెన్.

"పేర్లు పిలుస్తావా? నువ్వా?" అంది ఓలుఫినే. "నీ మొగుడి పేరు నీ నోట విని ఏడాదవుతోందే."

"పిలిస్తే ఏమవుతుంది?"

"వస్తాడు."

"రానీ."

చంటిబిడ్డను నడుముకు కట్టుకుని పనిచేస్తున్న దోర్థె కస్సుమంది. "నీకేమక్కా, ఒంటిదానివి. దొర గెంటేస్తే ఈ పసిగుడ్డును మంచులో వేసుకుని తిరగనా? గుడిసె ఎవరిస్తారు?"

"గుడిసె ఉంటుందిలేవే. అందులో మొగుడుండడు," అంది మారెన్. "మళ్లీ వాయవ్యం తిరిగిన రోజు నీ మొగుడు ఏ జెండా కింద పోతాడు? మా తమ్ముడు ఇవర్ ఏ జెండా కింద పోతాడు?"

దోర్థె బిడ్డ తల నిమిరింది. ఓలుఫినే కత్తి బల్లకు గుచ్చింది.

"ఆ మనిషి ఊరికే మంచం వెతుక్కుంటూ రాలేదే," అంది. "పని మిగిలిపోయి వచ్చింది. నాకూ ఉన్నాడొకడు, పెళ్లికి ముందే పోయినవాడు. మా ఆయనకు తెలీదు. పిలుస్తాను, ఏడవనీ!"

ఈసారి నవ్వు వణికింది.

ఆదివారం గోదాము కిక్కిరిసింది. ముందు రాజధాని అతిథులు, మధ్యన దొర, వెనక చేపనూనె దీపాల కింద పడవలవాళ్లు. పైన ఎండుచేపలు గాలికి ఒకదానికొకటి తగిలి చెక్కల్లా చప్పుడు చేస్తున్నాయి. ఆఖరి రంగం వచ్చింది. నాటకశాల పెద్ద చెయ్యెత్తి సైగ చేశాడు. ఆడవాళ్లు మోకాళ్లు వేయలేదు.

"దించండి, తలలు దించండి," అని పక్కనుంచి గుసగుసలాడాడు.

మారెన్ ఒక అడుగు ముందుకు వేసింది. నోరు తెరిచింది. గోదాము గోడ వెనకే సముద్రం, చెక్కల కింద నీళ్లు నాకుతున్న చప్పుడు.

"హాల్వోర్ యెన్‌సెన్!" అని అరిచింది.

వెనకున్న మగవాళ్లంతా ఒక్కసారి తలుపు వైపు తిరిగారు. టోపీలు తీశారు. తలుపు కదల్లేదు. అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు, చెక్కమీద తడి అడుగుల కోసం. ఎంతసేపటికీ రాలేదు. అప్పుడు ఇవర్ లేచి నిలబడ్డాడు.

"ఉన్నాడు," అన్నాడు.

దోర్థె తన తండ్రి పేరు పిలిచింది. నలుగురు లేచారు. "ఉన్నాడు!" ఓలుఫినే ఆ పెళ్లికి ముందటివాణ్ని పిలిచింది. అందరికంటే ముందు లేచి జవాబిచ్చింది ఆమె మొగుడే. తర్వాత ఎవరు పిలుస్తున్నారో, ఎవరు పలుకుతున్నారో తెలీలేదు. తాతల కాలం పేర్లు లేచాయి. ప్రతి పేరుకూ గోదాము పలికింది. బతికున్నవాళ్ల గొంతులకు అంత బరువుంటుందా అనిపించింది మారెన్‌కు.

ముందు వరసలో అతిథులు చప్పట్లు కొట్టారు. ఎంత బాగా నటిస్తున్నారో అనుకున్నారు. క్రూగ్ దొర కొట్టలేదు. ఆ పేర్లు ఆయనకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే వాయవ్యం తిరిగింది. నురుగు గుడిసెల కప్పులదాకా ఎగిరిపడుతోంది. ఆ గాలిలోనే జెండా ఎగిరింది. చేప కోసం కాదు, నిన్నటి గొంతుల మీద కసితో. మారెన్ శాలువా బిగించుకుని గుట్టెక్కింది. వెనక్కి చూడలేదు. పైకి చేరాక చూస్తే దోర్థె ఉంది, బిడ్డతో సహా. ఓలుఫినే రొప్పుతూ వస్తోంది. పాకలో ఆడవాళ్లంతా వచ్చి కొయ్య చుట్టూ భుజం భుజం ఆనించి నిలబడ్డారు. కింద రేవులో మగవాళ్లు పడవల పక్కనే నిలబడ్డారు. ఒక్కడూ తెడ్డు ముట్టలేదు.

దొర పరుగున వచ్చాడు, పోలీసు అధికారిని వెంటేసుకుని.

"నిన్నటి నాటకం నిన్నటితో సరి!" అని కేకేశాడు. "పడవలు కదలకపోతే సాయంత్రానికి గుడిసెలు ఖాళీ. దీన్ని కట్టి తీసుకుపోండి, వీళ్లను రేపింది ఇదే."

అధికారి మారెన్ చెయ్యి పట్టుకున్నాడు. ఆడవాళ్లు ఇంకా దగ్గరికి జరిగారు. ఆయన చెయ్యి వాళ్ల భుజాల మధ్య ఇరుక్కుంది, వెనక్కి రాలేదు.

"చూడమ్మా," అన్నాడు ఆయన గొంతు తగ్గించి, "గాలి మరీ అంత ఎక్కువేం లేదంటున్నారు దొరగారు."

మారెన్ దొర మొహంలోకి చూసింది.

"అయితే నువ్వే పడవెక్కు దొరా. తెడ్డు నేను వేస్తాను."