అపా నేర్చుకున్న ఆసియా

“మా ఆవిడకి ఆసియా ఖండం మొత్తం కంఠతా వచ్చు. మాంసం పులుసులో ఉప్పు ఎంత పడాలన్న పాఠమే ఇంకా రాలేదు” అన్నాడు తిలెక్, సరిహద్దు కనుమ అవతలి కషగర్ పట్టణం దారిలో తనతో లారీలు నడిపే స్నేహితులందరి ముందూ.

అందరూ నవ్వారు. టీ నీళ్ళు కాగే సమోవర్ పక్కన కూర్చుని గిన్నెల్లో టీ పోస్తున్న జిబెక్ కూడా నవ్వింది. నవ్వకపోతే ముఖం ముడుచుకుందంటారు. నవ్వితే తిలెక్ సరదా మనిషి, వాళ్ళ కాపురం చల్లనిది అంటారు. చల్లనిదే, అబద్ధమేం కాదు. తాగడు, కొట్టడు, కనుమ దాటి వచ్చిన ప్రతిసారీ ఆమెకో శాలువా తెస్తాడు. కాని తను టీ పోసేటప్పుడు గిన్నె సగమే నింపుతుందనీ, మళ్ళీ మళ్ళీ నింపే పని పడటమే అతిథికి మర్యాద అనీ అందరికీ తెలిసిన ఆ ఇంట్లో, పొద్దుటి నుంచి ఆమె కూర్చుని తిన్నది లేదని మాత్రం ఎవరికీ తెలియదు. బళ్ళోనూ అంతే. పై నుంచి తనిఖీకి ఎవరొచ్చినా హెడ్మాస్టరు భూగోళం టీచరమ్మనే పిలుస్తాడు. “జిబెక్ గారూ, మీ చేతి బూరెలుంటే చాలు, రిపోర్టు బాగా రాస్తారు” అంటాడు. పాఠం వినడానికి వచ్చిన అధికారి ఆమె పాఠం ఒక్కటీ వినకుండానే, బూరెలు బాగున్నాయని రాసినంత పనిచేసి వెళ్తాడు.

అతిథులు వెళ్ళాక ఆమె గిన్నెలు కడుగుతుంటే అత్తగారు ఉమ్సునాయ్ పక్కన చేరి తుడవడం మొదలుపెట్టింది. వాళ్ళ కొండ ఊరు అత్‌బాషిలో ఏ కోడలైనా అత్తగారిని అపా అనే, అంటే అమ్మా అనే పిలవాలి. కొందరికి ఆ పిలుపు నోటి చివర నుంచి వస్తుంది. జిబెక్‌కి లోపలి నుంచే వచ్చేది.

కొంతసేపటికి ఉమ్సునాయ్ అడిగింది: “ఏమే, ఆ ఆసియా అనేది ఎంత ఉంటుంది?”

“చాలా పెద్దది అపా.”

“పెద్దదని నాకూ తెలుసు. వాడు నీ నోట్లో ఉందని నవ్వాడు, నీ నోట్లో పట్టేదేమో అనుకున్నా. మనం అందులో ఎక్కడున్నాం?”

జిబెక్ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. ఇన్నేళ్ళ కాపురంలో తనకు తెలిసిన దాని గురించి ఆ ఇంట్లో ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది.

మర్నాడు బళ్ళో బీరువా వెనక పడి ఉన్న పాత పటాన్ని ఇంటికి తెచ్చింది. అంచులు చిరిగాయి, ఎప్పుడో లేకుండా పోయిన దేశాల పేర్లు ఇంకా దానిమీదే ఉన్నాయి. వంటింటి గోడకి, వెన్న చిలికే చోట తగిలించింది. ఆ శీతాకాలమంతా అత్తాకోడళ్ళు పిండి కలుపుతూ, నూడుల్స్ కోస్తూ, ఉన్ని దువ్వుతూ ఒక్కో దేశం తిరిగారు. పటం మీద పిండి వేలిముద్రలు పడ్డాయి. మొదటి రోజు “మనం ఇక్కడ” అని జిబెక్ చూపిస్తే ముసలావిడ వంగి, కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు చూసి “సముద్రం ఏ వైపు నడిచినా దూరమేనన్నమాట. ఈ ఖండం మనల్ని పిండి ముద్దలో ఉప్పురాయిలా సరిగ్గా మధ్యలో పెట్టుకుంది” అంది.

ఆవిడ అడిగే ప్రశ్నలు జిబెక్ చదివిన ఏ పుస్తకంలోనూ లేవు. మంగోలియా విస్తీర్ణం చెప్పబోతే ఆపేసింది. “అది సరేనే. వాళ్ళదీ మన వేసవి గుడారం లాంటిదే అన్నావుగా, చలికాలమంతా అందులోనేనా? పొయ్యిలోకి పిడకలు ఏరేదెవరు?” జపాన్ గురించి చెబితే, చుట్టూ నీళ్ళే అయినప్పుడు పుట్టింటికి ఎలా వెళ్తారంది. అరేబియా ఎడారి చెబితే, బావి దగ్గరికి ఎవరు వెళ్తారంది. ఇండియాలో నెలల తరబడి వానలు పడతాయంటే నమ్మలేదు. “అంత వానలో గడ్డి ఎలా ఎండుతుందే?”

“అక్కడ గడ్డి కాదు అపా, వరి. మోకాళ్ళ లోతు బురదలో వంగి ఒక్కో మొక్కా నాటుతారు. నాటేది ఎక్కువగా ఆడవాళ్ళే.”

ఉమ్సునాయ్ చెయ్యి తెలియకుండానే తన నడుము మీదికి వెళ్ళింది. “పాపం, నొప్పికి ఏం రాసుకుంటారో” అంది. తర్వాత, “ఇన్ని దేశాలు చెప్పావు. ఎక్కడా మగాడు రొట్టె పిండి కలపడా?” అంది.

“కలుపుతారు అపా. బజార్లో, రొట్టెల కొట్లలో.”

“అంటే డబ్బులిచ్చే చోట.”

ఇద్దరూ పగలబడి నవ్వుతుంటే తిలెక్ గుమ్మంలోంచి తొంగిచూసి, ఏమిటో చెప్పండి నేనూ నవ్వుతానన్నాడు. తల్లి కొడుకుని కూర్చోబెట్టి అడిగింది: “కషగర్ ఇన్నిసార్లు పోయావుగదా, అక్కడి ఆడవాళ్ళు తలకేం కట్టుకుంటారురా?”

తిలెక్ బుర్ర గోక్కున్నాడు. “నేనెక్కడ చూశానమ్మా. రోడ్డు, చెక్‌పోస్టు, దుమ్ము, మళ్ళీ రోడ్డు.”

“చూడనప్పుడు ఎందుకురా అంత దూరం పోవడం? ఆ డీజిలు దాచుకున్నా బాగుండేది” అందావిడ. ఈసారి అతనూ నవ్వాడు.

ఆ ప్రశ్నలు జిబెక్‌లో ఎక్కడో దిగబడిపోయాయి. ఇన్నేళ్ళూ తను చెప్పింది ఖనిజాలు, ఎగుమతులు, నదుల పొడవు. ఆ నదిలోంచి నీళ్ళు ముంచుకుపోయే మనిషి తన పాఠంలో ఎక్కడా లేదు. తను ఇంట్లో ఎలా లేదో అలాగే లేదు. ఒకరోజు తరగతిలో పటం ముందు నిలబడి, “ఈ దేశంలో పొద్దున అందరికన్నా ముందు లేచేదెవరు?” అని అడిగింది. పిల్లలు బిత్తరపోయారు. తర్వాత చేతులు లేచాయి. ఆ గంట ఎలా అయిపోయిందో ఆమెకే తెలియలేదు. హెడ్మాస్టరు కిటికీలోంచి విని, అవి పరీక్షలో రావు గదమ్మా అన్నాడు. రావండీ అంది జిబెక్. మర్నాడు మళ్ళీ అడిగింది.

ఉమ్సునాయ్ నేర్చుకున్న వాటిలో ఒక్క చోటు పేరు మాత్రం పలికేది కాదు. పటంలో మంగోలియాకి పడమటి వైపు ఉన్న ఆల్తాయ్ పర్వతాలు. ఆవిడ తరం కోడళ్ళు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు. ఉమ్సునాయ్ మామగారి పేరు ఆల్తాయ్. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయినా ఆవిడ నాలుక ఆ మాట దగ్గరికి రాగానే పక్కకి తప్పుకునేది. “ఇవిగో మా మామగారి కొండలు. ఈ మామగారి కొండల్లో పుట్టిన నది అటు చలి సముద్రం దాకా పోతుంది” అని చక్కగా అప్పజెప్పేది.

వేసవి మొదట్లో జిల్లా విద్యాశాఖ నుంచి కబురు వచ్చింది. భూగోళం, చరిత్ర చెప్పే టీచర్లని బస్సులో పొరుగు దేశంలోని పాత నగరం సమర్కండ్ తీసుకెళ్తారట. ఒక్కొక్కరూ ఇంట్లోంచి ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు. జిబెక్ ఆ మాట ఇంట్లో చెప్పేసరికి తిలెక్ ముఖంలో నిజమైన సంతోషమే కనిపించింది. అది తేదీ వినేవరకే.

“గడ్డి కోతల్లోనా? ఎలా కుదురుతుంది చెప్పు? ఆవులో? అమ్మ ఒక్కతీ ఏం చేస్తుంది? వచ్చే ఏడు నేనే కారులో తిప్పుతాలే, హాయిగా. అయినా సమర్కండ్‌లో ఏముంది, నీలం రంగు ఇటుకలు.”

కసిరి అనలేదు. చాలా ప్రేమగా అన్నాడు. పెళ్ళైన కొత్తలో ఆమె పై చదువు గురించీ ఇలాగే ప్రేమగా వచ్చే ఏడన్నాడు. కూతురు మీరిమ్ పుట్టాక ఇస్సిక్‌కుల్ సరస్సు చూద్దామన్నప్పుడూ అంతే. కసిరిన మాటయితే ఎదురు తిరగొచ్చు. నవ్వుతూ నెత్తి నిమిరే మాటని ఏం చెయ్యాలి? నిజంగానే ఆవులున్నాయి. నిజంగానే గడ్డి కొయ్యకపోతే చలికాలం గడవదు. అతను చెప్పే కారణాలన్నీ నిజాలే. అన్ని నిజాలూ కలిసి ప్రతిసారీ ఆమెనే ఇంట్లో ఎందుకు కూర్చోబెడతాయో అదే ఆమెకి అర్థమయ్యేది కాదు. రేపు హెడ్మాస్టరుతో కుదరదని చెప్పేద్దామనుకుని, పాల బకెట్టు తీసుకుని పాకలోకి నడిచింది.

అక్కడ అత్తగారు అప్పటికే ఒక ఆవు పక్కన కూర్చుని ఉంది. పాల ధార చప్పుడు మధ్య, తల తిప్పకుండానే మొదలుపెట్టింది.

“నేను సమష్టి వ్యవసాయ క్షేత్రంలో పాలు పితికేదాన్ని, తెలుసుగా. ఒక ఏడు జిల్లాలో నేనే మొదటిదాన్ని. బహుమతిగా తాష్కెంట్ ప్రదర్శన చూసి రమ్మన్నారు. రైల్లో. అప్పుడు వీడు చంటివాడు, నా పాలు తప్ప ఏదీ ముట్టడు. ఏం చేస్తాం, బహుమతి వృథా పోకూడదని మీ మామగారు వెళ్ళొచ్చారు.”

“మీ బహుమతికి ఆయన వెళ్ళారా?”

“పతకం కూడా ఆయనే పెట్టుకుని ఫోటో దిగారు. మంచి మనిషే. నాకోసం ఇంత లావు కర్బూజా తెచ్చారు, రెండు రైళ్ళు మారి, ఒళ్ళో పెట్టుకుని. ఊరంతా చూడటానికి వచ్చింది. కోసి అందరికీ పంచాను. చివరికి నాకు తొక్క దగ్గరి ముక్క మిగిలింది.” బకెట్టు పక్కకి జరిపి లేచింది. “అదీ తియ్యగానే ఉందిలే.”

నువ్వు వెళ్ళు అని ఆవిడ అనలేదు. వెళ్ళకు అనీ అనలేదు. పాలు వడగట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. జిబెక్ మాత్రం ఆవు పొట్టకి నుదురు ఆనించి అక్కడే ఉండిపోయింది.

భోజనాల దగ్గర అందరికీ వడ్డించాక, లేచి టీ పెట్టకుండా, తన కంచం ముందే కూర్చుని చెప్పింది.

“నేను సమర్కండ్ వెళ్తున్నాను. వచ్చే ఏడు కాదు, ఇప్పుడే. నాతో అపాని తీసుకెళ్తున్నాను.”

తిలెక్ తల్లి వైపు చూశాడు, ఆవిడ వద్దంటుందనే ధీమాతో. ఉమ్సునాయ్ నోటి దాకా వెళ్ళిన చెంచా గాల్లో ఆగింది. “నన్నా? ఈ కాళ్ళతోనా?” అంది. చెంచా కింద పెట్టింది. తలగుడ్డ సర్దుకుంది. చిన్నగా, “అక్కడికి ఏ చెప్పులు బాగుంటాయే?” అని అడిగింది.

“మరి పాలు ఎవరు పితుకుతారు?” అన్నాడు తిలెక్.

“నీకు రెండు చేతులున్నాయి, ఆవుకి నాలుగు రొమ్ములున్నాయి. మధ్యలో మేమెందుకురా?”

“ఊళ్ళో నవ్వుతారమ్మా.”

“నవ్వనీ. గడ్డి కోతల్లో వాళ్ళకి మాత్రం ఏం సరదా ఉంటుంది?”

రెండు రోజులు తిలెక్ ముభావంగా తిరిగాడు. మూడో రోజు పొద్దున్నే బకెట్టుతో పాకలోకి వెళ్ళాడు. ఆవు అతన్ని వాసన చూసి, వెనక్కి తన్ని, పాలు ఎగబట్టింది. అది పుట్టినప్పటి నుంచి ఆడవాళ్ళ చేతులే ఎరుగును. తల్లి నవ్వాపుకుంటూ వచ్చి తన పాత కోటు అతనికి తొడిగి, తన తలగుడ్డ విప్పి అతని తలకి కట్టి, గడ్డం కింద ముడివేసింది. ఆవు మళ్ళీ వాసన చూసింది, ఊరుకుంది. పాలు దిగాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న మీరిమ్ నవ్వలేక కూలబడింది. తిలెక్ ఆ తలగుడ్డలోంచే భార్యని ఓరగా చూసి, “ఇప్పుడు ఉప్పెంత వెయ్యాలో కూడా చెప్పి పో” అన్నాడు. జిబెక్‌కి ఆ క్షణాన అతనిమీద పొంగుకొచ్చిన ప్రేమ పెళ్ళైన ఏడాది కూడా వచ్చి ఉండదు.

ఉమ్సునాయ్‌కి పాస్‌పోర్టు లేదు. నరిన్ పట్టణంలో ఫోటో దిగింది. చేతిలో చంటిబిడ్డ గాని పక్కన మనిషి గాని లేకుండా ఆవిడ దిగిన మొదటి ఫోటో అదే. “ఎవరో ముసల్ది” అని దాన్ని రెండుసార్లు తిప్పి చూసుకుంది. ఆఫీసులో బల్ల వెనకున్న అమ్మాయి అడిగింది: “పేరు?”

“ఉమ్సునాయ్.”

“ఇంటిపేరు?”

ఆవిడ అలవాటుగా కోడలి వైపు తిరిగింది. అప్పుడు తట్టింది జిబెక్‌కి. మామగారి పేరు మీద వచ్చిన ఇంటిపేరు. పెళ్ళైన నాటి నుంచి ఏ ఆఫీసులోనైనా భర్తో, కొడుకో చెప్పారు. ఈవిడ తన ఇంటిపేరు తానెప్పుడూ పలకలేదు. జిబెక్ చెప్పబోయి, ఎందుకో పెదవులు బిగించింది.

బల్ల వెనక అమ్మాయి తలెత్తి చూసింది. ముసలావిడ గొంతు సవరించుకుంది. గోడ మీది గడియారాన్ని చూసింది, నేలని చూసింది.

“ఆల్తాయెవా” అంది.

అని, చేత్తో నోరు మూసుకుంది. పైకప్పు వైపు ఒకసారి చూసింది. ఏమీ కాలేదు. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి, ఎండలో నిలబడి, “ఆల్తాయ్. ఆల్తాయ్ పర్వతాలు. ఆల్తాయ్‌లో పుట్టిన నది” అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. “మంచి పేరే, నోటికి చల్లగా ఉంది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచానో” అంది.

బస్సు కొండలు దిగి ఓష్ పట్టణం చేరి, ఉజ్బెక్ సరిహద్దు దగ్గర ఆగింది. రేకుల కప్పు కింద జనం బారులు తీరి ఉన్నారు. ఉమ్సునాయ్ కొత్త చెప్పులు వేసుకుంది. ఆవిడ తన ముందున్న ఒక ఉజ్బెక్ ఆడమనిషి కట్టుకున్న తలగుడ్డ అంచుని ముట్టుకుని చూసి, ఈ నేత ఎక్కడిదని అడిగి, ఆమె చెప్పిన ఊరు పటంలో ఎక్కడుంటుందో కోడలికి వివరించింది. జిబెక్ వింది, సరిదిద్దలేదు. తప్పేం లేదు సరిదిద్దడానికి. ఫోన్‌లో తిలెక్ పంపిన ఫోటో వచ్చింది: గిన్నెలో మాడిన అడుగు, పక్కన పైకెత్తిన అతని బొటనవేలు. చూసి నవ్వుకుంది గాని, గిన్నె ఎలా తోమాలో చెప్పాలని వేళ్ళు అక్షరాల మీదికి పోతుంటే ఆపుకుంది. అతనే తెలుసుకుంటాడు. ఇక మీదట చాలా సంగతులు అతనే తెలుసుకోవాలి. రాబోయే శీతాకాలం నరిన్‌లో పై చదువుకి పేరు రాయించుకుంటానని ఇంకా అతనికి చెప్పలేదు. అడగటం కాదు, చెప్పటమే. ఇంటికి వెళ్ళాక చెబుతుంది.

వాళ్ళ వంతు వచ్చింది. గాజు వెనక యువ అధికారి ముసలావిడ పాస్‌పోర్టు తిప్పాడు. అన్నీ తెల్ల పేజీలే.

“ఏ పని మీద వెళ్తున్నారమ్మా?”

ఉమ్సునాయ్ కొంచెం ఆలోచించింది.

“పనేం లేదు నాయనా. పుట్టాక పనేం లేకుండా గడప దాటడం ఇదే.”

అతను నవ్వి ముద్ర వేసి, పక్కకి చూశాడు. “మీరు?”

“నేనూ అంతే” అంది జిబెక్.