పీక్ రాలేదు

మా బావ నాలుగేళ్లపాటు ఒక కారు అమ్మాడు. అమ్మేశాడని కాదు, అమ్ముతూనే ఉన్నాడు. ఆయన ఉద్యోగం బస్సుల ఆఫీసులో టైమ్‌టేబుల్ వేయడం. ఏ బస్సు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు కదలాలో ఊరందరికీ నిర్ణయించే మనిషి, తన షెడ్డులో ఉన్న ఒక్క కారు ఎప్పుడు బయటికి పోవాలో తేల్చుకోలేకపోయాడు. ఇలాంటివాళ్లు వేసిన టైమ్‌టేబుల్ నమ్ముకునే మనమంతా స్టాపుల్లో నిలబడుతున్నాం.

కారు సంగతి చెప్పాలి. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు, వెనక ఐదు వందల హార్స్ పవర్ ఇంజిన్. మీటరు మీద మూడు వందల ముప్ఫై దాకా అంకెలున్నాయి. బావ తన వాటాకొచ్చిన స్థలం అమ్మి, ఎవరో కొన్నాళ్లు వాడి మోజు తీర్చుకున్న ఆ కారు కొన్నాడు. ఆరు నెలలు ఆఫీసుకు వేసుకెళ్లాడు. చూడాల్సినవాళ్లంతా చూసేశారని ఖాయం చేసుకున్నాక, ఇక అమ్మేస్తానన్నాడు. అప్పటి నుంచి అది గుడ్డ కప్పుకుని షెడ్డులో పడి ఉంది. కిలోమీటర్లు పెరిగితే ధర తగ్గుతుందట, గేటు కూడా దాటనివ్వడు.

నేను మెకానిక్‌ని. ఇరవై రెండేళ్లుగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను. కార్లున్నవాళ్ల మీద నాకు పెద్దగా గౌరవం లేదు, దాచడమెందుకు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి ఆయిల్ ఎక్కడ పోస్తారో తెలియదు. మిగతా సగం మంది తెలుసనుకుంటారు. బావ రెండో రకం.

ఆదివారం ఆదివారం ఆయనకో తంతు ఉండేది. పొద్దున తొమ్మిదింటికి గుడ్డ తీసి, కారు స్టార్ట్ చేసి, వాచీ చూసుకుంటూ సరిగ్గా ఐదు నిమిషాలు ఉంచి ఆపేసేవాడు. మళ్లీ గుడ్డ కప్పి, ఏదో ఘనకార్యం చేసినట్టు చేతులు దులుపుకునేవాడు.

"బావా, అది మంచిది కాదు," అని చెప్పాను. "ఐదు నిమిషాల్లో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. లోపల పుట్టిన తేమ ఆవిరైపోకుండా ఆయిల్లో కలుస్తుంది. తీస్తే ఓ యాభై కిలోమీటర్లు తిప్పుకురా. లేదంటే దాని జోలికి పోకు."

"నువ్వు చెప్పేది మామూలు కార్లకు బామ్మర్దీ."

మామూలు కార్లలోనే తేమ ఉంటుంది, ఖరీదైన కార్లలోకి అది మొహమాటపడి రాదు కాబోలు. నాలుగేళ్లూ నేను ఈ మాటే చెప్పాను. నాలుగేళ్లూ ఆయన ఆ జవాబే ఇచ్చాడు.

అమ్మకపోవడానికి మాత్రం కారణాలకు కొదవలేదు. చలికాలంలో ఇలాంటి కార్లు ఎవరూ కొనరన్నాడు. ఎండలొచ్చాయి. కొత్త మోడల్ రాబోతోంది, ఇప్పుడు తొందరపడకూడదన్నాడు. కొత్త మోడల్ వచ్చింది. దాని ముఖం చూశాక జనం పాతదాని కోసమే ఎగబడతారు, ఆగాలన్నాడు. ఈ రకం ఇంజిన్లు ఇక తయారుచేయరని పేపర్లో పడిన రోజున ఆఫీసుకు సెలవు పెట్టి మరీ సంతోషించాడు. హాల్లో గోడకు ఒక గళ్ల కాగితం అంటించి, ఇంటర్నెట్లో ఇలాంటి కార్లకు జనం పెట్టిన ధరలన్నీ చుక్కలు పెట్టి గీతతో కలిపేవాడు. అవన్నీ అడిగిన ధరలు, అమ్ముడుపోయిన ధరలు కావు. ఆ తేడా ఆయన తలకెక్కలేదు. ధర ఎక్కగలిగినంత ఎత్తుకు ఎక్కే రోజునే ఆయన పీక్ అనేవాడు. గీత పైకి పోయినా కిందికి పోయినా ఒకటే మాట.

"ఇంకా పీక్ రాలేదు."

"ఆ పీక్ వచ్చి ఏం పీకుతుందండీ?" అని మా అక్క ఒకసారి అడిగింది. ఆయన నవ్వలేదు. పీక్ దగ్గర పరాచికాలు పనికిరావు.

అక్క పళ్ల ల్యాబులో పనిచేసేది. డాక్టర్లు పంపిన అచ్చుల్ని బట్టి పింగాణీ పళ్లు తయారుచేసేది. ఒక్క పన్నులోనే మూడు నాలుగు ఛాయలు ఉంటాయట. వాటిని సన్నని కుంచెతో పొరలు పొరలుగా వేసి కొలిమిలో కాల్చి, పక్క పన్నుతో కలిసిపోయేలా తీసేది. నోట్లో పెట్టాక ఏది కట్టిందో ఏది సొంతదో డాక్టర్లే పోల్చుకోలేకపోయేవారు. నేను చిన్నచూపు చూడని పని లోకంలో ఏదైనా ఉంటే అది అక్క చేసేదే. పదహారేళ్లు అక్కడే చేసింది.

ఆ ల్యాబు పెద్దాయనకు చూపు తగ్గింది. ఇక మానేస్తున్నానని, కొలిమి, బల్లలు, వాడుక డాక్టర్లతో సహా ల్యాబు అక్కకే ఇస్తానని అన్నాడు. నెలాఖరు శుక్రవారం దాకా ఆగుతానన్నాడు. ఆలోపు డబ్బు తేలేకపోతే అడుగుతున్న పెద్ద కంపెనీ ఒకటి ఉంది, వాళ్లకిచ్చేస్తాడు.

ఆ పూట భోజనాల దగ్గర నేనూ ఉన్నాను. అక్క కంచంలో చెయ్యి పెట్టకుండానే మాట మొదలుపెట్టింది.

"కారు అమ్మేయండి. నాకా ల్యాబు కావాలి."

"అమ్ముదాం. కాకపోతే పీక్..."

"పీకల మీదికొచ్చింది నాకు. మీ పీక్ సంగతి నాకనవసరం. పెళ్లయినప్పటి నుంచి మిమ్మల్ని నేనేదీ అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నాను."

అబద్ధమెందుకు, బావ ఒప్పుకున్నాడు. ముఖం వేలాడేసుకునే అయినా ఒప్పుకున్నాడు. ప్రకటన నేనే రాసి పెట్టాను.

ఆ శుక్రవారానికి ముందు బుధవారం మధ్యాహ్నం ఒకడొచ్చాడు. జిమ్ము ఓనరట. చొక్కా రెండు సైజులు చిన్నది, నల్లద్దాలు నెత్తి మీద ఉన్నాయి. ఫోను పట్టుకుని కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు గాని, ఒక్కసారి వంగి కిందికి చూసిన పాపాన పోలేదు. సీట్ల కుట్టు దారం రంగు గురించి మాత్రం రెండుసార్లు అడిగాడు. ధర చెబితే బేరం కూడా ఆడలేదు. ల్యాబుకు పోను ఇంకొంత మిగిలే ధర అది. బావ కాగితాలు పరిచి పెన్ను పట్టుకున్నాడు. అక్క పని మధ్యలో వచ్చి, ఏప్రన్ మీద అచ్చుల పొడి మరకలతో షెడ్డు తలుపు దగ్గర నిలబడింది.

"సైలెన్సర్ తీయించేసి పెద్ద సౌండ్ వచ్చేది పెట్టిస్తా," అన్నాడు జిమ్ము ఓనరు. "రంగు కూడా మార్చేస్తా. అన్నా, ఒకసారి సౌండ్ విందామా?"

నేను నోరు తెరిచేలోపే సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాడు. రెండు సెకన్లు ఆగాడేమో. మూడు రోజులుగా కదలని చల్లటి ఇంజిన్‌ని మీటరులో ఎర్ర గీత దాకా తొక్కాడు. మళ్లీ తొక్కాడు. మూడోసారి వీడియో తీసుకుంటూ తొక్కాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆపేశాను.

"వేడెక్కకుండా అలా తొక్కకూడదు," అన్నాను.

"ఇంజిన్‌కేం కాదులే," అని బావ అడ్డం పడ్డాడు. "నేను వారం తప్పకుండా ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతా. అందుకే ఇంత బాగుంది. మా బామ్మర్ది మెకానికే, అయినా అతనికి ఇలాంటి కార్లు అలవాటు లేదు."

అక్కడ నేను ఊరుకోవాల్సింది. అక్క నా వైపే చూస్తోంది, వద్దన్నట్టు తల కూడా ఊపింది. కానీ నాలుగేళ్ల వాదనకు జవాబు నా చేతికందేంత దూరంలో ఉంది. వెనక బానెట్ ఎత్తాను. ఆయిల్ మూత తిప్పి తీసి, తిరగేసి, వాళ్లిద్దరి ముఖాల ముందు పట్టాను. లోపలంతా పచ్చగా తెల్లగా నురగ, మీగడలాగా దట్టంగా పేరుకుని ఉంది.

"ఇదిగో బావా, నీ ఐదు నిమిషాలు."

ఆ మాట అంటున్నప్పుడు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నోటి దూల తీరింది.

జిమ్ము ఓనరు కారు దిగి కాస్త వెనక్కి జరిగాడు. "ఇంజిన్లో నీళ్లున్నాయా?"

"నీళ్లు కాదు, తేమ. ఆయిల్ మార్చి ఓ యాభై కిలోమీటర్లు తిప్పితే పోతుంది. ఇంజిన్ శుభ్రంగా ఉంది."

"నీళ్లున్నాయంటావు, శుభ్రంగా ఉందంటావు."

"తేమ అన్నాను."

"సరేలే అన్నా, ఆలోచించుకుని ఫోన్ చేస్తా."

గేటు దాకా వెంటపడి వివరించాను. వివరించినకొద్దీ అతని నడక జోరందుకుంది. కుట్టు దారం రంగు చూసి కారు కొనేవాడు మీగడ చూసి పారిపోక ఏం చేస్తాడు? వెనక్కి వచ్చేసరికి బావ పెన్ను జేబులో పెట్టుకుంటున్నాడు.

"చూశావా, ఇంకా పీక్ రాలేదు," అన్నాడు. ఆయన ముఖంలో వెలుగు చూడాలి.

అక్క ఏప్రన్ మీది పొడి దులుపుకుంది. ల్యాబుకు వెళ్లిపోయింది.

గురువారం నేను ఆయిల్ మార్చాను. బావ గొణుగుతున్నా వినకుండా యాభై కాదు, ఎనభై కిలోమీటర్లు తిప్పాను. మూత తీసి చూస్తే నురగ చుక్క లేదు, నేను చెప్పినట్టే. ఫొటో తీసి జిమ్ము ఓనరుకు పంపాను. చూశాడు గాని బదులివ్వలేదు. శుక్రవారం ఇంకెవరూ రాలేదు. సాయంత్రానికి ల్యాబు కంపెనీ చేతికి పోయింది. పెద్దాయన అక్కకు ఫోన్ చేసి ఏమనుకోవద్దమ్మా అన్నాడట.

రెండు నెలలకు కారు అమ్ముడుపోయింది, అదీ జిమ్ము ఓనరు ఇస్తానన్నదానికంటే ఎక్కువకే. బావ గళ్ల కాగితం మీద ఎర్ర చుక్క పెట్టి దానికి ఫ్రేము కట్టించాడు. కనిపించినవాడినల్లా పట్టుకుని, ఓపిక పడితే ఏమవుతుందో ఉపన్యాసం ఇస్తున్నాడు. ఏం కావాలో అడుగు, కొనిస్తానని అక్కతో అన్నాడట. ఏమీ వద్దందట.

ఒకరోజు అక్కను చూడటానికి ల్యాబుకు వెళ్లాను. కంపెనీవాళ్లు ఆమెను పనిలో ఉంచుకున్నారు గాని కొలిమి తీసేశారు. కుంచెలు లేవు. పళ్లు ఇప్పుడు యంత్రం చెక్కుతుంది. తెర మీద ఆకారం సరిచూసి బటన్ నొక్కడం అక్క పని. ట్రేలో ఉన్న పళ్లన్నీ ఒకే తెలుపు, గోడకు కొట్టిన సున్నం మాదిరి. నాకు అసహ్యమేసింది. కంపెనీని తిట్టాను. బావను తిట్టాను, జిమ్ము ఓనరునూ వదల్లేదు. ఆ రోజు ఇంజిన్ గురించి నేనన్న ప్రతి ముక్కా నిజమేనని కూడా అన్నాను.

"నిజమేరా," అంది అక్క తెర మీంచి చూపు తిప్పకుండానే. "నువ్వు ప్రకటన పెట్టాక అతను రావడానికి ఎన్ని రోజులు పట్టింది?"

"తొమ్మిది."

"ఆ తొమ్మిది రోజులూ మూత కింద అది ఉందని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఆయిల్ మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"

షాపులో పని ఎక్కువగా ఉండిందని చెప్పబోయాను. అది అబద్ధం. ఎప్పుడో ఒకప్పుడు బావ ముఖం ముందు పెట్టాలని నేనే దాన్ని అలా ఉంచాను.

"గంట," అన్నాను.

అక్క తలూపి బటన్ నొక్కింది. పక్క గదిలో యంత్రం పన్ను చెక్కడం మొదలుపెట్టింది.