ఎవరి పదింటికి

మా అమ్మ నసిలెలె మంగళవారం పోయింది. కతిమా ఆస్పత్రి మార్చురీలో ఉంచి ఊరికొచ్చాను. మా ఊళ్ళో ఫోను అందాలంటే చెదపుట్ట ఎక్కాలి. ఎక్కి, రుందులో పనిచేసుకునే తమ్ముడు లిసులోకి చేశాను.

"శనివారం పదింటికి మట్టి" అన్నాను.

"పదికి ముందే ఉంటానన్నా. ఈసారి ఆలస్యం కాను."

నాన్న పోయినప్పుడు వాడు మూడోరోజుకొచ్చాడు. కొంబి వ్యాను దారిలో చెడిపోయిందంటే ఎవరూ నమ్మలేదు. అప్పట్నుంచి వాడి పేరు మూడోరోజోడు. అమ్మ ఒక్కతే ఆ పేరు పలికేది కాదు. మా ఇంటి ఆచారం ప్రకారం గోతిలో మొదటి పిడికెడు మన్ను ఆఖరి బిడ్డ వెయ్యాలి. "నా మన్ను నా చిన్నోడిదే" అనేది.

శనివారం పేటిక గోతిలోకి దించాం. పది దాటింది. లిసులో రాలేదు.

"మూడోరోజోడు గదా, సోమవారం దిగుతాడులే" అన్నాడు మేనమామ సింవుల నా వైపు తిరిగి. "అప్పటిదాకా మా అక్క మీద ఈగలు తోలుదామా మతెంగూ?"

వెనక ఆడవాళ్ళెవరో పైగుడ్డలో నవ్వు దాచుకున్నారు. పాస్టరు నా దగ్గరకొచ్చి, "ఏటి అవతల ఇంకో సమాధి కార్యం ఉందయ్యా నాకు" అన్నాడు మెల్లగా.

పదిన్నర. పెద్దకొడుకుని, మాట నాది. అందరూ నన్నే చూస్తున్నారు. నాకూ లోపల కోపంగానే ఉంది.

"కానివ్వండి" అన్నాను. మొదటి పిడికెడు నేనే వేశాను.

కుర్రాళ్ళు పారలతో గొయ్యి పూడ్చి పైన చదును చేస్తుండగా రోడ్డు మీద కొంబి ఆగింది. లిసులో దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. తొందర లేకుండా నడిచొస్తున్నాడు. కళ్ళు ఏడ్చి వాచి ఉన్నా మొహంలో ఏదో నిబ్బరం.

"చూశావా అన్నా, ఇంకా పది నిమిషాలుంది" అని చెయ్యి చాపాడు. వాచీలో తొమ్మిదీ యాభై.

అప్పుడు తెలిసింది నాకు.

చలికాలంలో పడమటి వైపు పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది. పిల్లలు చీకట్లో బడికి నడవాల్సొస్తుందని, మాకు చలి మొదలయ్యే ఏప్రిల్లో సర్కారు దేశమంతా గడియారం గంట వెనక్కి తిప్పిస్తుంది. మా తూర్పు కొసన పొద్దు ముందే వస్తుంది గనక మమ్మల్ని వదిలేశారు. రుందు నుంచి బగాని వంతెన దాటి ఇటొచ్చేవాళ్ళు వాచీ గంట ముందుకు తిప్పుకోవాలి. వాడు రుందులో ఆరేళ్ళుండి మర్చిపోయాడు. నేను ఆ వంతెన దాటనివాణ్ణి, మన పదింటికి అని చెప్పాలని తట్టలేదు.

"ఇక్కడ పదకొండు కావస్తోందిరా" అన్నాను.

వాడు వాచీ చూశాడు. మట్టికుప్ప చూశాడు.

"తియ్యండి" అన్నాడు. "ఒక్క పిడికెడు. వేసి మళ్ళీ నేనే పూడుస్తా."

"మూసిన గొయ్యి తెరవరు అబ్బీ" అన్నాడు మామయ్య. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

"నేను రాకుండా మట్టి ఎవరు వెయ్యమన్నారు?"

మామయ్యే అందుకుని, "పాస్టరు గారు తొందరపడ్డారు" అన్నాడు. పాస్టరు అప్పటికే సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నేను నోరు తెరవలేదు. వాడు నా వైపు చూసి ఉంటే చెప్పేవాణ్ణేమో. చూడలేదు. తెల్లచొక్కాతోనే మోకాళ్ళ మీద కూచుని, లోపల పడాల్సిన పిడికెడు పైనే వేసి, అరచేత్తో నెమ్మదిగా లోపలికి అదుముతూ ఉండిపోయాడు.