చెలికత్తె పళ్ళెం

మా మేనత్త సినిమాలో పాడిన ఒకే ఒక్క పాదం నలభై రెండేళ్ళ తర్వాత దొరికింది. వెతికి పట్టుకున్నది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే, కాకపోతే కాలిన తల నాది కాదు.

పాత సినిమాలను బాగుచేసే చోట నాకు ఉద్యోగం. గీతలు, మరకలు, బూజు తుడవడం నా పని. ఆ సినిమా ఒక రాణి కథ. కోట బయట శత్రువులు, కోట లోపల పద్నాలుగు పాటలు. చివర్లో రాణి కోట వదిలి వెళ్తూ ఏడుస్తుంటే ఎనిమిది మంది చెలికత్తెలు దీపాల పళ్ళేలు పట్టుకుని మెట్లు దిగుతారు. వాళ్ళలో నాలుగో ఆవిడ మా అత్తయ్య. 'ఈ దీపం ఆరదు రాణీ, ఈ దారి మరవదు' అన్న పాదం ఆవిడ ఒక్కతే పాడింది. కానీ ఉన్న కాపీలన్నింటిలోనూ సరిగ్గా అక్కడే పాట తెగిపోతుంది. మెట్ల మీద ఏడుస్తున్న రాణి మరుక్షణం గుర్రం మీద ఉంటుంది. ఫిల్ము అరిగి ఆ ముక్క పోయిందనీ, సినిమా మొత్తానికి ప్రాణం ఆ ముక్కేననీ అత్తయ్య చెప్పేది.

పోయినదాన్ని ఎంత గొప్పదనైనా చెప్పుకోవచ్చు, అడిగేవాడుండడు. ఆ పాదం పట్టుకుని అత్తయ్య మా ఇంటిని ఏలింది. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. అమ్మ కాపురానికి వచ్చిన మొదటి వారంలో అంట్లు తోముతూ ఏదో కూనిరాగం తీసిందట. అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడి, "కప్ప కూడా వాన పడితేనే అరుస్తుందమ్మాయ్. నీకు అదీ తెలీదా?" అందట. నాన్న నవ్వాడట. ముప్పై మూడేళ్ళు అమ్మ ఆ ఇంట్లో నోరు విప్పి పాడలేదు. నాన్న పోయాక కూడా పాడలేదు.

దూరపు ఊళ్ళో మూతబడిన ఒక సినిమాహాలు గోదాములో తెగని కాపీ ఒకటి దొరికింది. పదమూడున్నర సెకన్లు, మూడు వందల ఇరవై నాలుగు ఫ్రేములు. ఒక్కొక్క దాన్నీ తెర మీద ఆపి, పెద్దది చేసి, అత్తయ్య ముఖం మీది గీతలన్నీ తుడిచాను. ఫ్రేములో మిగతా భాగం ఇంకొకరి వంతు. ఇరవై రెండేళ్ళ అత్తయ్య! మోకాళ్ళు వంచి ఉంది, రాణికి దణ్ణం పెడుతోందనుకున్నాను. గాల్లో గుండ్రటి మరకొకటి ఉంటే పదకొండు ఫ్రేముల్లో తుడిచేశాను. అది మరక కాదు, ఉంచమని పై అంతస్తు వాళ్ళు కబురు పెట్టారు. మా దగ్గర తుడిచేవాళ్ళు బొమ్మను ఆపి చూస్తారు, కదిలించి చూసేది పై అంతస్తు వాళ్ళు. ఆ కబురు వచ్చినప్పుడైనా ఒక్కసారి పైకెళ్ళి చూడాల్సింది. చూడలేదు, తెలివితక్కువదాన్ని.

ప్రివ్యూకి తొంభై మందిని పిలిచారు. ఒక్కొక్కరికీ అభిప్రాయం రాయడానికి ఒక కార్డూ పెన్సిలూ ఇచ్చారు. అత్తయ్యకు కళ్ళు మసకబారి నాలుగేళ్ళయింది, వెలుగు తప్ప ఆకారం తెలియదు. అయినా ఇస్త్రీ బట్టలు కట్టుకుని నాకూ అమ్మకూ మధ్య కూర్చుంది. పాట వచ్చింది. ఆవిడ గొంతు హాలంతా పరుచుకుంది. నిజంగా ఎంత బాగుందో! 'ఈ దీపం ఆరదు' అనగానే నాలుగో చెలికత్తె బట్టల అంచు కాలికింద పడింది. ఆవిడ మూడు మెట్లు కూర్చునే దిగింది. పళ్ళెం ఎగిరి ముసలి మంత్రి తలపాగా మీద పడింది. ఏడుస్తున్న రాణి వెనక మంత్రి తలపాగా పొగలు కక్కింది.

హాలు విరగబడి నవ్వింది. 'ఈ దారి మరవదు' అన్న సగం ఎవరికీ వినబడలేదు. నా పక్కన అత్తయ్య కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయింది. అమ్మ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. పాపం, ఏడుస్తోందనుకున్నాను. దీపాలు వెలిగాక అమ్మ పెన్సిలు తీసి, ఒళ్ళో కార్డు పెట్టుకుని చాలాసేపు రాసింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అత్తయ్య అడిగింది.

"ఆ ముక్క ఎక్కడ దొరికిందే కోడలుపిల్లా?"

చెప్పాను.

"నవ్వు ఏ మాట దగ్గర లేచిందో నాకు తెలుసు. నలభై రెండేళ్ళ కిందట కూడా అక్కడే లేచింది."

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ముక్క అరగలేదు. ఆ బట్టలు ఆవిడకన్నా జానెడు పొడుగున్న పిల్లకు కుట్టినవి. పడ్డాక మళ్ళీ తీద్దామంటే, రాణి వేషం వేసినావిడ ఇంకోసారి ఏడవనంది. జనం రాణిని చూస్తారు గానీ నిన్నెవరు చూస్తారన్నారు. మొదటి ఆటకే అందరూ ఈవిడనే చూశారు. ఈవిడ మూడు రోజులు ఎడిటరు గుమ్మం ముందు కూర్చుని ఏడిస్తే, చివరికి విసిగి, చేతికందిన కాపీలన్నింట్లోనూ కోసేశాడు. ఆ రోజుల్లో బొమ్మా గొంతూ ఒకే పట్టీ మీద ఉండేవి. బొమ్మతో పాటు గొంతూ పోయింది.

"ఇప్పుడు రెండూ విడదీయొచ్చంటావు కదా? గొంతు ఉంచి నన్ను తీసెయ్యవే. అక్కడ రాణి ముఖం పెట్టు."

పది నిమిషాల పని. సోమవారం కాపీలు బయటికి వెళ్ళేలోపు చేయిస్తానని మాటిచ్చాను. అమ్మ వేడి పాలు తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. "పోనీలెండి వదినా. నవ్వితే నవ్వారు, వాళ్ళ నోళ్ళే నొప్పి పుడతాయి" అంది. ఎంత మంచిదో మా అమ్మ అనుకున్నాను.

మర్నాడు ఆఫీసులో కార్డులు టైపు చేసే పని నా నెత్తినే పడింది. సగం తీసుకుని మొదలుపెట్టాను. మిగతా సగం మా పెద్దసారు చదువుతానని తన గదిలోకి పట్టుకెళ్ళాడు.

'రంగులు బాగున్నాయి. పాటలు సాగదీశారు. పడ్డావిడ మాత్రం అదుర్స్.'

'మా తాతగారికి నచ్చింది. నాకు నిద్రొచ్చింది. పళ్ళెం శబ్దానికి లేచాను.'

'ఆ రాజ్యం ఎందుకు పోయిందో పళ్ళెం చూశాక అర్థమైంది.'

'ఆవిడ పడ్డాక సినిమా లేచింది.'

'పడినావిడ బతికుంటే సన్మానం చెయ్యండి. మెట్లు లేని స్టేజీ మీద.'

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళగానే అత్తయ్య, "నా గొంతు గురించి ఎవరైనా రాశారా?" అని అడిగింది. నలభై అయిదు కార్డుల్లో ఒక్కరూ రాయలేదు. "ముగ్గురు రాశారత్తయ్యా, తేనెలా ఉందన్నారు" అన్నాను. "ముగ్గురేనా?" అంది.

శుక్రవారం పెద్దసారు గదికి వెళ్ళి విషయమంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, తీరిగ్గా విన్నాడు.

"చూడమ్మా, తొంభైలో అరవై ఒక్కమంది ఆ ముక్క గురించే రాశారు. ప్రకటనలో కూడా అదే వేద్దామనుకుంటున్నాం. అయినా బతికున్న మనిషి వద్దంటే తీసేస్తాను. అది మన పద్ధతి. కానీ ఆవిడ వద్దంటోందని నువ్వంటున్నావు. ఇంట్లోవాళ్ళేమో ఉంచమని రాసిచ్చారు."

సొరుగులోంచి ఒక కార్డు తీసి నా ముందు పెట్టాడు.

'పళ్ళెం పడేసినావిడ మా ఆడపడుచు. ఈ ముక్క దొరికినందుకు ఆవిడ సంతోషం చెప్పలేనిది. జనం ఎంత నవ్వితే ఆవిడకు అంత ఆనందం. దయచేసి తీసెయ్యకండి. ఇది మా ఇంటిల్లిపాదీ కోరిక.'

ఎవరు రాశారో తెలియడానికి చదవక్కర్లేదు. చిన్నప్పుడు నా పుస్తకాలన్నింటి మీదా నా పేరు రాసింది ఆ చెయ్యే. ఒక్క అక్షరం వణకలేదు. తప్పుల్లేవు, కొట్టివేతల్లేవు. ముప్పై మూడేళ్ళుగా మనసులో రాసుకున్నట్టే ఉంది.

"ఇది మీ వాళ్ళు రాసిందేనా?" అన్నాడు పెద్దసారు.

అబద్ధం సార్ అంటే చాలు. ఆయన తీసేసేవాడు.

"ఆ ముక్క దొరకడం వల్లే ఇంత పేరు వస్తోంది. పేర్లు పడేటప్పుడు నీ పేరు అందరికన్నా ముందు వేయిస్తున్నాను, తెలుసా?" అన్నాడు ఆయనే మళ్ళీ.

అమ్మ పరువు కాపాడటానికి నోరు మూసుకున్నానని నాకు నేను చెప్పుకోవచ్చు. సిగ్గుచేటు గానీ అది నిజం కాదు. ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నా పేరు ఎక్కడా పడలేదు. తెర నిండా తెల్లటి అక్షరాలు కనబడ్డాయి నాకు.

"మా వాళ్ళు రాసిందే సార్" అన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య నా అడుగుల చప్పుడు కోసం వీధి గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఉంది. అమ్మ లోపల కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుతోంది.

"తీసేశారా?"

కత్తిపీట చప్పుడు ఆగింది. అమ్మ తలెత్తి నా వైపు చూసింది. భయపడలేదు, బతిమాలలేదు. నేనేం చెబుతానా అని చూసింది, అంతే.

"తీసేశారత్తయ్యా. గొంతు ఉంచారు."

అత్తయ్య కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. నలభై రెండేళ్ళుగా ఆ పాదం మొదటి సగాన్ని మాత్రం పాడి వదిలేసే మనిషి, నా ఎదుట పాదమంతా పాడింది. 'ఈ దీపం ఆరదు రాణీ, ఈ దారి మరవదు.' గొంతు చిట్లిపోయింది గానీ శ్రుతి తప్పలేదు.

"అయితే మొదటి ఆటకే నన్ను తీసుకెళ్ళండి. ముందు వరసలో కూర్చుంటాను. ఈసారి నా గొంతు వింటారు జనం" అంది.

నేను చెప్పులు విప్పడానికి వంగాను.

"నేను తీసుకెళ్తాను వదినా" అంది అమ్మ లోపల్నుంచి. "పక్కనే కూర్చుంటాను. మీరేం కంగారుపడకండి."

మళ్ళీ కత్తిపీట చప్పుడు మొదలైంది. దాంతో పాటు సన్నగా ఒక కూనిరాగం. అదే పాదం. ఆ ఇంట్లో అమ్మ పాడగా వినడం నాకు అదే మొదలు. గొంతు చాలా బాగుంది.