కోడళ్ళని అడగాలి

సంబంధం చూడడానికి ఎవరింటికి వెళ్ళినా కూర్మమ్మ ముందుగదిలో కూర్చునేది కాదు. మగవాళ్ళు కుర్చీల్లో కూర్చుని కబుర్లు మొదలుపెట్టగానే, మంచినీళ్ళు తాగొస్తానని పెరట్లోకి పోయేది. అక్కడ అంట్లు తోముకుంటున్న కోడలి పక్కన గొంతుక్కూర్చుని రెండు మాటలు కదిపేది. “అత్తనడిగితే ఇల్లంతా బంగారమే అంటాది. కోడల్ని అడిగితేనే తెలుస్తాది” అనేది. ఆమె సరేనన్న సంబంధం ఏదీ చెడలేదని పేటలో పేరు.

ఈసారి చూడాల్సింది ఇల్లు కాదు, ఇంజనీరింగ్ కాలేజీ. మనవరాలు అరుణశ్రీకి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఆప్షన్లు పెట్టేలోపు కాలేజీలు కళ్ళారా చూసి రావాలని పిల్ల తండ్రి, కూర్మమ్మ కొడుకు నాగబాబు అనుకున్నాడు. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, అతనికీ తీరికే. అయితే ఒక మాట ముందే తేల్చేశాడు.

“ఆడపిల్లని హాస్టల్లో వదలాలంటే నాకు గుండె దడ. మాయమ్మ సూసి బాగుందంటే సరే. నేదంటే సికాకుళంలో డిగ్రీ సదువుకో. బస్సులో ఎల్లు, బస్సులో రా.”

“మామ్మా, అంతా నీ సేతిలోనే ఉన్నాది” అని అరుణశ్రీ ఆమె గడ్డం పట్టుకుంది.

కూర్మమ్మ తలూపింది గానీ, మనసులో మాట వేరు. తల్లిపాలు మానిన నాటి నుంచి ఆ పిల్ల ఆమె పక్కలోనే పడుకుంది. ఆ పక్క ఖాళీ అవుతుందన్న తలపే ఆమెకి గిట్టలేదు. చూడ్డానికి కాదు, వంక దొరకబుచ్చుకోడానికే కొత్త చీర కట్టుకుని బయల్దేరింది.

మొదటి కాలేజీ హైవే పక్కన ఉంది. అద్దాల మేడ, ముందు ఫౌంటెన్. టై కట్టుకున్న అబ్బాయి ఒకడు ఏసీ హాలు, లిఫ్టు, గోడ మీది ఫొటోలు చూపిస్తుంటే నాగబాబు, అతని భార్య అనూరాధ నోరు తెరిచి చూస్తున్నారు. కూర్మమ్మ మంచినీళ్ళని చెప్పి హాస్టలు వెనక్కి పోయింది. అక్కడ ముగ్గురు పిల్లలు బట్టలు ఆరేస్తున్నారు.

“ఎలాగుంతాది అమ్మీ ఇక్కడ?”

“బాగుంటుంది ఆంటీ” అంది ఒకతె. “ఫుడ్ కూడా బాగుంటుంది ఆంటీ” అంది రెండోది. మూడోది కూడా అదే మాట అప్పజెప్పింది. ముగ్గురి చూపూ ఆమె భుజం మీదుగా వెనక్కే ఉంది. కూర్మమ్మ తిరిగి చూస్తే, తాళాల గుత్తి పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది.

గేటు దాటగానే “వద్దురా” అంది.

“ఎందుకమ్మా? ఫౌంటెన్ కూడా ఉన్నాది.”

“పిల్ల ఫౌంటెన్‌తోటి కాపరం సేస్తాదేటి?”

“అత్తకి ఏదీ నచ్చదు” అంది అనూరాధ. “నన్ను సూడ్డానికొచ్చినప్పుడు మా ఇంటి దూడకి కూడా వంక పెట్టింది.”

“బక్క దూడ. అయినా నిన్ను సేసుకున్నాను కాదేటి.”

మర్నాడు ఆమదాలవలసలో పాసింజరెక్కి నెల్లిమర్లలో దిగి, ఆటోలో రెండో కాలేజీకి వెళ్ళారు. గోడల రంగు వెలిసిపోయి ఉంది. ఫౌంటెన్ లేదు సరికదా, చూపించే మనిషి కూడా లేడు. “పరీక్షల హడావుడి, మీరే తిరిగి చూసుకోండి” అన్నాడు గుమస్తా. అడక్కుండానే ఇన్ని వంకలు దొరికాయని కూర్మమ్మ లోలోపల పొంగిపోయింది. మనవరాలిని వెంటబెట్టుకుని హాస్టలు పెరట్లోకి నడిచింది. కుళాయిల దగ్గర నలుగురైదుగురు పిల్లలు కంచాలు కడుక్కుంటున్నారు.

“ఎలాగుంతాది అమ్మీ ఇక్కడ?”

“ఏటి సెప్పమంతారు మామ్మా” అంది శృంగవరపుకోట పిల్ల పద్మకుమారి. “సాంబార్లో ములక్కాడ ముక్క దొరికితే ఆ వారమంతా మనకి లక్కే.”

“ఉప్మా తీసి గోడకి కొడితే గోడే పగుల్తాది” అంది ఇంకొకతె.

“తొమ్మిది కొట్టేసరికి ఫోన్లు లాగేసుకుంతారు.”

కూర్మమ్మ ఒక్కొక్కటీ మనసులో ముడేసుకుంటోంది. ఇంతలో వార్డెను లక్ష్మణమ్మ వచ్చింది. ఇక పిల్లల నోళ్ళు మూతపడతాయనుకుంది కూర్మమ్మ. పడలేదు.

“మేడం, ఉప్మా సంగతి సెప్తన్నాం” అంది పద్మకుమారి.

“చెప్పండి, చెప్పండి. నిన్న రెండోసారి పెట్టించుకుంది ఎవరో కూడా చెప్పు.”

“ఆకలి రుచెరగదు కదా మేడం.”

పిల్లలంతా ఒక్కసారి నవ్వారు. వార్డెనూ నవ్వి, “ఫోన్లు లాక్కునేది నేనేనమ్మా. వీళ్ళ తిట్లు తినడానికే ఇక్కడున్నాను” అని కూర్మమ్మతో చెప్పి వంటశాల వైపు వెళ్ళింది. అరుణశ్రీ అప్పటికే కుళాయి దగ్గర చేరి, ఎవరిదో కంచం కడుగుతూ వాళ్ళతో పాటే నవ్వుతోంది.

కాపరానికి వచ్చిన కొత్తలో పెరట్లో ఎవరేమడిగినా కూర్మమ్మ కూడా “బాగుంది” అనే చెప్పేది, వాళ్ళ భుజం మీదుగా వెనక్కి చూస్తూ. పైకి సణుక్కునే ధైర్యం వచ్చేసరికి ముగ్గురు పిల్లల తల్లయింది.

గేటు దగ్గర నాగబాబు, అనూరాధ ఎదురుచూస్తున్నారు. “ఏటన్నారమ్మా పిల్లలు?” అన్నాడు నాగబాబు.

ఉప్మా, సాంబారు, ఫోన్లు, ఏదీ దాచకుండా చెప్పింది కూర్మమ్మ. అన్నీ నిజాలే. అక్కడితో నోరు మూసుకుంటే చాలు, పిల్ల రేపు కూడా పక్కలోనే ఉంటుంది. అరుణశ్రీ తల దించుకుంది.

“మరైతే వద్దంతావు” అన్నాడు నాగబాబు.

“వద్దని నానన్నానేటి?” అంది కూర్మమ్మ. “ఆ గుంటలు వార్డెనమ్మ మొకం మీదే తిడతన్నారు. ఆవిడ నవ్వుతాది. ఇలాటి సోట మన పిల్లకి కష్టమొస్తే కడుపులో దాసుకోదు. ముందు ఇదే పెట్టండి.”

అరుణశ్రీ మామ్మని అమాంతం వాటేసుకుంది. ఆటోవాళ్ళు తలలు తిప్పి చూశారు.

“ఫౌంటెన్ నేదు మరి” అన్నాడు నాగబాబు, తల్లిని ఉడికించడానికి.

“సముద్రం ఒడ్డున పుట్టిన గుంటకి ఫౌంటెనెందుకురా.”

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చున్న అనూరాధ పల్లీలు ఒలుస్తూ, “అత్తా, పిల్ల ఎల్లిపోతే నీ పక్కనెవులు పడుకుంతారు?” అంది.

“నువ్వే.”

“నావల్ల కాదు. దుప్పటంతా నీ ఏపే లాక్కుంతావు. గురక. నిద్దట్లో సేపల బేరం. మొన్న ‘నూటయాభైకి తక్కువియ్యను’ అని అరిసేవు, వీధిలో కుక్క లేసి పారిపోయింది.”

ఎదురు సీటువాళ్ళు కూడా పకపకా నవ్వారు. అరుణశ్రీ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

“అయిపోయాయా?” అంది కూర్మమ్మ.

“ఇంకా సీపురుపల్లే రానేదు. సానా ఉన్నాయి.”

కూర్మమ్మ ఎదురు సీటు అంచున కాళ్ళు ఆనించుకుని, దోసిలి పట్టి కోడలి చేత పల్లీలు పోయించుకుని, “సెప్పు” అంది.